అరవై గజాల పరుగు: షోకేస్‌కు ముందు డబ్బు, సమయం ఎక్కడ పెట్టాలి

అమెరికాలో హైస్కూల్ బేస్‌బాల్ ఆడే పిల్లలను కాలేజీ కోచ్‌లు చూడటానికి వచ్చే షోకేస్‌లలో చాలాసార్లు మొదటి పరీక్ష 60 గజాల పరుగే. అంటే 54.86 మీటర్లు. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు, రెండు బేస్‌ల దూరం కలిపితే 180 అడుగులు, అదే 60 గజాలు. క్రికెట్ లెక్కలో చెప్పాలంటే క్రీజు నుంచి క్రీజుకు మూడు పరుగుల దూరం, పైన ఇంకో అంగ. మలుపులు లేకుండా నేరుగా పరిగెత్తాలి.

ఈ ఏడు సెకన్ల పని కోసం టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో జార్జియాలోని ఆల్ఫరెట్టాలోనో ఉండే మన తెలుగు తల్లిదండ్రుల ముందు చాలా దారులు కనిపిస్తాయి. ప్రైవేట్ స్పీడ్ కోచ్, స్కూల్ ట్రాక్ టీమ్, జిమ్, స్లెడ్ (నడుముకు కట్టి లాగే బరువుబండి), పారాషూట్ (వెనక కట్టుకుని పరిగెత్తే చిన్న గొడుగు), నిచ్చెన డ్రిల్లులు, లేదా దగ్గర్లోని గ్రౌండ్‌లో సొంత ప్రాక్టీసు. అన్నీ అందరికీ పనికిరావు. పిల్లాడు టైమ్ ఎక్కడ పోగొట్టుకుంటున్నాడో తెలిస్తే ఏ దారిలో వెళ్ళాలో సగం తేలిపోతుంది. అది తేల్చుకోకుండా ఫీజు కడితే ఆరు నెలల తర్వాత కూడా అదే టైమ్ కనిపించే అవకాశం ఎక్కువ.

మీ అబ్బాయికి ఈ పరుగు ఎంత ముఖ్యం?

ముందు పొజిషన్ చూడండి. మైదానం మధ్యలో ఎక్కువ మేర కాపలా కాసే సెంటర్ ఫీల్డ్, షార్ట్‌స్టాప్, సెకండ్ బేస్ ఆడే పిల్లాడికి ఈ అంకె తలుపు తాళంచెవి లాంటిది. డివిజన్ 1 (కాలేజీ క్రీడల్లో పై శ్రేణి) కాలేజీల్లో ఈ పొజిషన్లకు 6.9 సెకన్ల లోపు ఉండాలని చాలామంది కోచ్‌లు చూస్తారు. పెద్ద కాన్ఫరెన్స్‌ల (కాలేజీ లీగ్‌ల) వాళ్ళు 6.7 దగ్గర మొదలుపెడతారు. దూరపు ఫీల్డ్‌లో ఎడమ, కుడి పక్కల నిలబడే కార్నర్ అవుట్‌ఫీల్డర్‌కు 7.0, థర్డ్ బేస్ వాడికి 7.1 ఉన్నా బ్యాట్ బాగుంటే సర్దుకుపోతారు. క్యాచర్ (క్రికెట్‌లో వికెట్‌కీపర్ లాంటివాడు), ఫస్ట్ బేస్ ఆటగాళ్ళకు 7.3 వచ్చినా ఆ ఒక్క కారణంతో ఎవరూ పక్కన పెట్టరు. పిచర్లు (బంతి విసిరేవాళ్ళు) చాలా చోట్ల అసలు పరిగెత్తరు. ఇవి కచ్చితమైన గీతలు కావు, ఒక్కో కాలేజీకి ఒక్కో లెక్క ఉంటుంది. డివిజన్ 3, జూనియర్ కాలేజీల్లో కాస్త సడలింపు ఉంటుంది.

కాబట్టి మీ అబ్బాయి క్యాచర్ అయితే ఆ డబ్బు, ఆ సాయంత్రాలు పాప్ టైమ్ మీద పెట్టండి. పిచర్ విసిరిన బంతి క్యాచర్ గ్లవ్‌లో పడ్డ క్షణం నుంచి అతను విసిరిన త్రో సెకండ్ బేస్ దగ్గరి గ్లవ్‌లో పడే వరకు పట్టే సమయమే పాప్ టైమ్. మేజర్ లీగ్ సగటు 2.0 సెకన్ల దగ్గర ఉంటుంది. అతని విషయంలో కోచ్‌లు వాచీ పట్టుకునేది ప్రధానంగా దానికోసమే.

వేగానికి విలువ ఈ మధ్య పెరిగింది కూడా. 2023లో మేజర్ లీగ్ బేస్‌ల వెడల్పు 15 అంగుళాల నుంచి 18 అంగుళాలకు పెంచింది, పిచర్ రన్నర్‌ను పట్టుకోవడానికి చేసే ప్రయత్నాలకు పరిమితి పెట్టింది. 2022లో 2,486గా ఉన్న బేస్ దొంగతనాలు (బ్యాటర్ బంతిని కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేస్‌కు పరిగెత్తి చేరడం) ఆ ఏడాది 3,503కు చేరాయి. కాలేజీల వైపు చూస్తే, 2025-26 నుంచి, ఆటగాళ్ళకు కాలేజీలే నేరుగా డబ్బు ఇవ్వడానికి వీలు కల్పించే కొత్త ఒప్పందంలో చేరిన డివిజన్ 1 స్కూళ్ళలో బేస్‌బాల్ జట్టు 34 మందికే పరిమితం. అంతకుముందు 40 వరకు ఉండేది. చోట్లు తగ్గినప్పుడు కోచ్‌లు అంకెల దగ్గరే వడపోత మొదలుపెడతారు. పదకొండో తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1 దాకా డివిజన్ 1 కోచ్‌లు పిల్లాడితో నేరుగా మాట్లాడకూడదు. అప్పటిదాకా వాళ్ళు చూసేది ఆటనూ, నమోదైన ఈ అంకెలనూ.

కొలత సరిగా లేకపోతే మిగతాదంతా ఊహే

నాన్న ఫినిష్ దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని 6.95 అంటాడు. షోకేస్‌లో లేజర్ 7.15 చూపిస్తుంది. పిల్లాడు కుప్పకూలిపోతాడు. నిజానికి వాడు నెమ్మదించలేదు. చేత్తో వాచీ నొక్కేవాళ్ళు పరుగు మొదలవడం చూశాక కానీ నొక్కలేరు. ఫినిష్ మాత్రం వస్తున్నది కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి సరిగ్గానో, కాస్త ముందో నొక్కేస్తారు. అథ్లెటిక్స్‌లో పొట్టి దూరాలకు చేతి టైమ్‌ను ఎలక్ట్రానిక్ టైమ్‌గా మార్చాలంటే 0.24 సెకన్లు కలపడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఇంట్లో కూడా ఆ లెక్కే పెట్టుకోండి.

స్టాప్‌వాచ్ కన్నా ఫోన్ మేలు. ఇప్పటి ఫోన్లు చాలావరకు స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీస్తాయి, అంటే ఒక్కో ఫ్రేము 0.004 సెకన్లు. దగ్గర్లోని హైస్కూల్ ఫుట్‌బాల్ గ్రౌండ్‌కు వెళ్ళండి. అయిదేసి గజాలకు గీతలు గీసే ఉంటాయి, టేపుతో పనిలేదు. రెండు ఫోన్లు, రెండు స్టాండ్లు కావాలి. ఒకటి 30 గజాల గీతకు సరిగ్గా ఎదురుగా, పరుగు దారికి 15 గజాలు పక్కకు పెట్టండి. రెండోది 60 గజాల గీతకు అలాగే ఎదురుగా పెట్టండి. రెండింటినీ మొదట స్టార్ట్ వైపు తిప్పి ఉంచి, పిల్లాడు కదలగానే అతనితోపాటు తిప్పుతూ గీత దాకా రావాలి. వీడియోలో ఒళ్ళు మొదటిసారి కదిలిన ఫ్రేము మొదలు, ఛాతీ గీత దాటిన ఫ్రేము వరకు ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టి 240తో భాగించండి. ఫోన్ గీతకు ఎదురుగా కాకుండా ఏటవాలుగా ఉంటే అర గజం తేడా వస్తుంది, ఆ వేగంలో అది 0.05 సెకన్లు. వేరు వేరు రోజుల్లో రెండుసార్లు, ప్రతిసారీ ఒళ్ళు బాగా వేడెక్కాక, గాలి లేని పూట తీయండి. మంచి టైమ్‌నే తీసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. ఇద్దరు పిల్లలు 7.20 తీశారనుకోండి. మొదటివాడు 30 గజాలు 3.85లో దాటి మిగతా 30 గజాలకు 3.35 తీసుకున్నాడు. రెండోవాడు 30 గజాలు 4.00లో దాటి మిగతాది 3.20లో ముగించాడు. చివరి అంకె ఒకటే, జబ్బులు వేరు. మొదటివాడికి స్టార్ట్ బాగుంది, గరిష్ఠ వేగం లేదు. రెండోవాడికి వేగం ఉంది, దాన్ని అందుకోవడానికి ఆలస్యమవుతోంది. రెండోవాడికి జిమ్ బలం, స్లెడ్, స్టార్ట్ ప్రాక్టీసు పనికొస్తాయి. మొదటివాడికి వీటితో పెద్దగా ఒరిగేది లేదు. అతను పూర్తి వేగంలో పరిగెత్తడం ఎక్కువ చేయాలి.

సొంత ప్రాక్టీసు

మా అభిప్రాయంలో చాలామందికి ఇదే మొదటి ఎంపిక, ఖర్చు దాదాపు సున్నా. కానీ చాలా ఇళ్ళలో దీన్ని చెడగొట్టేది ఒకటే: విశ్రాంతిని బద్ధకం అనుకోవడం. 60 గజాలు పదిసార్లు, మధ్యలో అరనిమిషం గ్యాప్. చూడటానికి కష్టపడుతున్నట్టే ఉంటుంది. కానీ మూడో పరుగు నుంచే వేగం పడిపోతుంది, మిగతా ఏడు పరుగుల్లో ఒళ్ళు నేర్చుకునేది నెమ్మదిగా పరిగెత్తడమే. బేస్‌బాల్‌లో ఒక ఫౌల్ పోల్ (మైదానం చివర పక్కన ఉండే స్తంభం) నుంచి ఇంకో ఫౌల్ పోల్‌కు పరిగెత్తించే పాత అలవాటు కూడా దమ్ము పెంచుతుందేమో కానీ 60 గజాల టైమ్‌ను తగ్గించదు.

పరిగెత్తిన ప్రతి 10 గజాలకు ఒక నిమిషం విశ్రాంతి. 20 గజాలకు రెండు నిమిషాలు, 60 గజాలకు ఆరు. ఈ నియమం పాటిస్తే సగం పని అయినట్టే.

వారంలో రెండు రోజులు, గట్టివాడైతే మూడు, మధ్యలో కనీసం 48 గంటలు ఉండాలి. మొదటి రోజు స్టార్ట్ పని: 10 గజాలు నాలుగు, 20 గజాలు నాలుగు, 30 గజాలు రెండు. మొత్తం 180 గజాలే. రెండో రోజు గరిష్ఠ వేగం: 25 గజాలు క్రమంగా వేగం పెంచుతూ వచ్చి, తర్వాతి 10 గజాలు పూర్తి వేగంతో దాటడం. నాలుగు నుంచి ఆరుసార్లు, ప్రతిదాని మధ్య నాలుగైదు నిమిషాలు. ఈ 10 గజాల టైమ్‌ను ప్రతిసారీ ఫోన్‌తో కొలవండి. ఈ కొలతకు ఫోన్‌ను ఆ 10 గజాల మధ్య బిందువుకు ఎదురుగా, 20 గజాలు వెనక్కి పెడితే తిప్పకుండానే రెండు గీతలూ దాదాపు నేరుగా కనిపిస్తాయి. 1.08 తీసే పిల్లాడు 1.03కు వస్తే చివరి 30 గజాల్లోనే దాదాపు 0.15 సెకన్లు మిగులుతాయి. కొలిచి చూపిస్తే పిల్లలు ఇంకా గట్టిగా పరిగెత్తుతారు, అది కూడా లాభమే.

టైమ్ ఆ రోజు మంచి టైమ్ కన్నా 3 శాతం పడిపోతే ఆపేయండి. 1.05 వాడు 1.08 దాటాడంటే ఆ రోజుకు పని అయిపోయింది, ఇంకో రెండు చేద్దామని అడిగినా ఒప్పుకోకండి.

వార్మప్ ఇరవై నిమిషాలకు తగ్గకూడదు. కాస్త జాగింగ్, కాళ్ళు ముందుకూ వెనక్కూ ఊపడం, మోకాళ్ళు ఎత్తి స్కిప్పింగ్, కాళ్ళు చాపి గెంతుతూ వెళ్ళడం, ఆపైన 60, 75, 90 శాతం వేగంతో మూడు పరుగులు. నేల మీద కూర్చుని అయిదు నిమిషాలు ఒకే సాగతీత పట్టుకోవడం ఇప్పుడు వద్దు, పరుగు అయ్యాక చేసుకోవచ్చు.

స్పీడ్ కోచ్

మంచి కోచ్ కళ్ళు మీ ఫోన్ చూడలేనివి చూస్తాయి. మొదటి మూడు అడుగుల్లోనే నిటారుగా లేచిపోవడం, పాదం ఒంటికి బాగా ముందు పడి ప్రతి అడుగూ బ్రేకు వేసినట్టవడం, చేతులు ఛాతీకి అడ్డంగా ఊగడం లాంటివి. మొదటిసారి స్ప్రింట్ నేర్చుకునే పిల్లాడికి నాలుగైదు సెషన్లు నిజంగా పనికొస్తాయి. ఏడాది ప్యాకేజీ కట్టేముందు మాత్రం నాలుగు ప్రశ్నలు అడగండి.

హాలు పొడవెంత? ఇది అందరూ మరిచిపోయే ప్రశ్న. చాలా ఇండోర్ సెంటర్లలో టర్ఫ్ 20, 25 గజాలకు మించదు. గరిష్ఠ వేగం అందుకోవడానికే హైస్కూల్ పిల్లాడికి 30, 40 గజాలు పడుతుంది, ఆపడానికి ఇంకో 15 కావాలి. పొట్టి హాలులో స్టార్ట్ ఒక్కటే మెరుగవుతుంది. మన ఉదాహరణలో మొదటివాడిని అక్కడ చేర్చితే డబ్బు వృథా. ప్రతి సెషన్‌లో టైమ్ ఎలక్ట్రానిక్‌గా నమోదు చేసి మీకు ఇస్తారా? ఒక కోచ్‌కు ఎంతమంది? పదిహేను మందిని వరుసలో నిలబెట్టి కోన్ల మధ్య పరిగెత్తిస్తే మీ అబ్బాయి పాదం ఎక్కడ పడుతోందో ఎవరూ చూడరు. చివరిది, అతని శిక్షణ ఏమిటి? సీఎస్‌సీఎస్ (బలం, ఫిట్‌నెస్ శిక్షకుల) సర్టిఫికెట్, యూఎస్ఏటీఎఫ్ (అమెరికా అథ్లెటిక్స్ సమాఖ్య) కోచింగ్ చదువు ఉంటే మంచిది. అవి లేకపోయినా పిల్లల టైమ్‌లు వారం వారం తగ్గుతున్నట్టు లెక్క చూపగలిగితే నమ్మొచ్చు. చెమట చూపించి మురిపించేవాళ్ళను నమ్మొద్దు.

స్కూల్ ట్రాక్ టీమ్

ఇది దాదాపు ఉచితం, శిక్షణ అసలైన స్ప్రింటర్ల పక్కన. ఇబ్బందల్లా క్యాలెండర్‌దే. టెక్సస్ సహా చాలా రాష్ట్రాల్లో ట్రాక్, బేస్‌బాల్ రెండూ వసంతంలోనే. రెండూ ఒకేసారి చేయడం మోయలేని బరువు.

న్యూజెర్సీ పిల్లలకు మాత్రం ఇది బంగారం లాంటి అవకాశం. అక్కడ హైస్కూల్‌లో శీతాకాలపు ఇండోర్ ట్రాక్ ఉంది, అందులో పొట్టి పరుగు 55 మీటర్లు. 55 మీటర్లంటే 60.15 గజాలు. అంటే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా షోకేస్ దూరాన్నే, ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో, పోటీలో, మళ్ళీ మళ్ళీ పరిగెత్తొచ్చు. టైమ్‌లను నేరుగా పోల్చకండి. అక్కడ గన్ మోగినప్పటి నుంచి లెక్క కాబట్టి స్పందించడానికి పట్టే సమయం కూడా కలుస్తుంది, స్టార్టింగ్ బ్లాకులు, స్పైక్స్ వల్ల కొంత లాభం ఉంటుంది. ఎడిసన్‌లోనో సౌత్ బ్రన్స్‌విక్‌లోనో ఉండి ప్రైవేట్ కోచ్‌కు డబ్బు కడుతూ ఈ టీమ్‌లో చేరకపోతే చేతికందిన దాన్ని వదులుకున్నట్టే.

వేసవి క్లబ్ ట్రాక్ పోటీలు జూలైలో పతాక స్థాయికి వస్తాయి, బేస్‌బాల్ షోకేస్‌లూ అప్పుడే. పదమూడేళ్ళ లోపు పిల్లాడికి బాగుంటుంది. పదహారేళ్ళ వాడికి కుదరదు.

జిమ్: ఎవరికి, ఎంత?

బలం నేలను తోసే శక్తినిస్తుంది, అది స్టార్ట్‌లో కనిపిస్తుంది. ట్రాప్ బార్ డెడ్‌లిఫ్ట్‌లో (చట్రంలాంటి కడ్డీ మధ్యలో నిలబడి నేల మీది బరువు ఎత్తడం) ఒంటి బరువుకు ఒకటిన్నర రెట్లు ఎత్తలేని పిల్లాడికి జిమ్ వల్ల పరుగు స్పష్టంగా మారుతుంది. రెండు రెట్లు దాటినవాడు ఇంకా బరువు పెంచుకుంటూ పోతే బేస్‌బాల్‌కు వేరే లాభాలు ఉండొచ్చు కానీ 60 గజాల టైమ్‌కు చేరేది తక్కువ. వారానికి రెండుసార్లు, స్ప్రింట్ చేసిన రోజే, స్ప్రింట్ అయ్యాక. డెడ్‌లిఫ్ట్, ఒంటికాలి స్క్వాట్, ఒక్కోటి మూడు నాలుగు సెట్లు, సెట్‌కు మూడు నుంచి అయిదు. పన్నెండు, పదిహేను సార్లు ఎత్తి కాళ్ళు వాచేలా చేస్తే మర్నాడు, ఆ మర్నాడు స్ప్రింట్ చెడుతుంది. పిక్కలకు చిన్న చిన్న గెంతులు, మోకాలు వంచకుండా, నేలను తాకీ తాకనట్టు 20 చొప్పున మూడు సెట్లు.

ఇంట్లో పప్పన్నమే ప్రధానమైతే ప్రోటీన్ సంగతి చూసుకోండి. ఒంటి బరువు కిలోకు 1.6 గ్రాములు, అంటే 65 కిలోల పిల్లాడికి రోజుకు 100 గ్రాములు దాటాలి. పల్చటి పప్పుతో, మజ్జిగతో అంత రాదు. గట్టి పెరుగు, పనీర్, సోయా, తింటే గుడ్లు, చికెన్ పూటపూటకూ పంచి పెట్టండి.

పరికరాలు

స్లెడ్ ఒక్కటే డబ్బుకు న్యాయం చేస్తుంది. స్టార్ట్ బలహీనమైన పిల్లాడికి వేగం సగానికి పడిపోయేంత బరువు వేసి 10, 15 గజాలు లాగిస్తే మొదటి అడుగుల్లో తోసే శక్తి పెరుగుతుంది. వారానికి ఒకరోజు, నాలుగైదుసార్లు చాలు. స్ప్రింట్ భంగిమ చెడకూడదనుకుంటే వేగం పదో వంతే తగ్గేంత తేలికగా వేయాలి. ఈ రెంటి మధ్య ఏదో ఒక బరువు వేసి 40 గజాలు లాగించడం వల్ల పిల్లాడు అలిసిపోవడం తప్ప పెద్దగా ఏమీ రాదు.

నేల మీద పరిచే నిచ్చెన పాదాల సమన్వయానికి, వార్మప్‌కు పనికొస్తుంది. వేగం పెంచదు, ఎందుకంటే అందులో పాదం నేలను గట్టిగా తొయ్యదు, కేవలం తాకుతుంది. పారాషూట్ గాలికి అటూ ఇటూ లాగుతుంది, కొనకండి. చీలమండ బరువులు కట్టి పరిగెత్తించడం పెరిగే వయసులో ప్రమాదం. సాగే తాడుతో ముందుకు లాగించే పద్ధతి నిపుణుల చేతిలో తప్ప వద్దు. తట్టుకోలేని వేగంలో పాదం ముందుకు పడి తొడ వెనుక కండరం చిరిగే అవకాశం ఉంది.

నిలబడే తీరు: ఇక్కడ ఉచితంగా దొరికే పదో వంతు సెకను

షోకేస్‌లలో చాలావరకు రెండు పద్ధతులు కనిపిస్తాయి. ఒకటి, బేస్ దొంగిలించేటప్పుడు నిలబడినట్టు పక్కకు తిరిగి నిలబడి, ఎడమకాలు కుడికాలి మీదుగా దాటిస్తూ మొదలుపెట్టడం. రెండోది, దౌడు దిక్కుకు ముఖం పెట్టి ముందొక కాలు, వెనకొక కాలు. నిర్వాహకులు ఎంచుకోనిస్తే రెండింటినీ ఫోన్‌తో 10 గజాల వరకు అయిదేసిసార్లు కొలిచి వేగంగా ఉన్నదాన్నే తీసుకోండి. ఎక్కువమందికి రెండోది మేలు. కొందరు నిర్వాహకులు పక్కకు తిరిగి నిలబడే పద్ధతే అడుగుతారు కాబట్టి అది కూడా వచ్చి ఉండాలి.

పక్కకు తిరిగి నిలబడేటప్పుడు కుడి పాదం వేళ్ళు దౌడు దిక్కుకు కొంచెం తెరిచి పెట్టండి, అర లంబకోణం కన్నా తక్కువ. బరువు రెండు పాదాల ముందు భాగాల మీద ఉండాలి. మొదటి కదలిక ఎడమచేతిని గట్టిగా ముందుకు విసరడం, దానితోపాటే ఎడమకాలు దాటాలి. కుడిపాదం వెనక్కి జరిగితే, కదిలిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది కాబట్టి ఆ సమయం పోయినట్టే.

ముఖం ముందుకు పెట్టే పద్ధతిలో ముందు పాదం గీతకు అడుగు వెనక, వెనక పాదం దానికి ఇంకో అడుగున్నర వెనక ఉంచండి. ముందుకాలికి ఎదురు చేయి ముందు ఉండాలి. బరువు ముందుకాలి మీద. మొదలుపెట్టే ముందు ఊగొద్దు. వెనక్కి ఊగి ముందుకు దూకే పిల్లలు చాలామంది ఉన్నారు, ఊగినప్పుడే స్కౌట్ (ఆటగాళ్ళను అంచనా వేయడానికి వచ్చినవాడు) వాచీ నొక్కేస్తాడు. అదే లేజర్ గేటు స్టార్ట్ గీత మీద ఉంటే ఛాతీ ఆ కిరణాన్ని దాటాక కానీ గడియారం మొదలవదు. అప్పుడు కాస్త వెనక నిలబడితే లాభం. ఏ పద్ధతో ముందు రోజే ఈమెయిల్‌లో అడిగి తెలుసుకోండి. ఎక్కడ నిలబడాలనే నియమం ఉంటే దాన్ని పాటించాలి.

ఫినిష్ దగ్గర 60 గజాల గీత మీదకు వాలిపోవడం, ముందే వేగం తగ్గించడం ఇద్దరిలో ఒకరు చేస్తారు. ప్రాక్టీసులో 67, 68 గజాల దగ్గర ఇంకో కోను పెట్టి అదే గమ్యం అని చెప్పండి.

తొడ వెనుక కండరం

ఇది చిరిగితే మిగతా సలహాలన్నీ బూడిదలో పన్నీరే. రెండు మూడు వారాలు ఆటకు దూరం, మళ్ళీ చిరిగే భయం. మోకాళ్ళ మీద నిలబడి, చీలమండలను ఒకరు నొక్కిపట్టగా, ఒళ్ళు నిటారుగా ఉంచి మెల్లగా ముందుకు వాలే నార్డిక్ వ్యాయామం ఈ గాయాలను సగానికి సగం తగ్గిస్తుందని చాలా అధ్యయనాలను కలిపి చూసిన పరిశీలనల్లో తేలింది. మూడేసి చొప్పున రెండు సెట్లతో మొదలుపెట్టండి, వారానికి రెండుసార్లు. మొదటి పదిరోజులు ఒళ్ళు గట్టిగా నొప్పి పెడుతుంది కాబట్టి షోకేస్ మూడు వారాల్లో ఉంటే ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టొద్దు.

14 నుంచి 17 ఏళ్ళ మధ్య తుంటి దగ్గర, పిరుదు కింద, పరుగులో 'టప్' మని వినిపించి కాలు మోపలేకపోతే అది కండరం పట్టేసిందనుకుని నూనె రాసి ఊరుకోకండి. ఆ వయసులో ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడదు, కండరం అంటుకున్న చోట ఎముక ముక్కే ఊడొచ్చే అవకాశం ఉంటుంది. ఎక్స్‌రే తీయించాలి.

మన ఇళ్ళకు ప్రత్యేకంగా ఇంకో ప్రమాదం ఉంది. జూన్‌లో ఇండియా వెళ్ళి నాలుగు వారాలు పెళ్ళిళ్ళు, చుట్టాల ఇళ్ళు తిరిగి, వచ్చిన వారంలోనే షోకేస్‌లో నిలబెట్టడం. ఎన్నో వారాలుగా పూర్తి వేగంతో పరిగెత్తని కాలును ఒక్కసారిగా 60 గజాలు లాగమంటున్నాం. వెళ్ళక తప్పకపోతే అక్కడా వారానికి రెండు ఉదయాలు ఎనిమిదేసి స్ప్రింట్లు చేయించండి. హైదరాబాద్‌లో గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉంది, అనుమతి ముందే కనుక్కోండి. ఏ ఊళ్ళోనైనా చదునైన గడ్డి మైదానం దొరికితే చాలు. తిరిగొచ్చాక కనీసం రెండు వారాలు గడిచే షోకేస్‌నే ఎంచుకోండి.

ఎంత సమయం ఉంది, దాన్నిబట్టి ఏం ఎంచుకోవాలి

తొమ్మిదో తరగతిలో ఉండి రెండేళ్ళ సమయం ఉన్నవాడికి శీతాకాలం అసలైన సీజన్. నవంబర్ నుంచి జనవరి వరకు వారానికి మూడు స్ప్రింట్ రోజులు, రెండు జిమ్ రోజులు, ఇండోర్ ట్రాక్ ఉంటే అదే. బేస్‌బాల్ సీజన్ మొదలయ్యాక వారానికి రెండుసార్లు ప్రాక్టీసుకు ముందు నాలుగు నుంచి ఆరు స్ప్రింట్లు చాలు, సంపాదించింది నిలుస్తుంది.

పది వారాలు చేతిలో ఉంటే మొదటి రెండు వారాలు 90 శాతానికి మించకుండా పొట్టి పరుగులు. మూడు నుంచి ఎనిమిదో వారం వరకు పైన చెప్పిన రెండు రోజుల పద్ధతి, బలహీనమైన వైపు మూడో రోజు. తొమ్మిదో వారం స్ప్రింట్ల సంఖ్య సగం, వేగం మాత్రం తగ్గొద్దు. ఇంతకుముందు స్ప్రింట్ శిక్షణ లేని పిల్లాడికి ఇలా 0.1 నుంచి 0.3 సెకన్ల వరకు తగ్గడం ఆశించదగినదే. అర సెకను తగ్గిస్తామని ఎవరైనా హామీ ఇస్తే లేచి వచ్చేయండి.

మూడు వారాలే ఉంటే జిమ్, స్లెడ్, కోచ్ ప్యాకేజీ అన్నీ పక్కన పెట్టండి. స్టార్ట్, ఫినిష్, తాజాగా ఉన్న కాళ్ళు. ఇవే మీ చేతిలో ఉన్నవి.

ఆ రోజు

రెండు రోజుల ముందు 20 గజాలు మూడు, పూర్తి వేగంతో ఒక 10 గజాలు. ముందు రోజు వార్మప్ మాత్రమే. 60 గజాల పరుగు తరచుగా పొద్దున్నే పెడతారు కాబట్టి రెండున్నర, మూడు గంటల ముందు ఇడ్లీ, అరటిపండు లాంటి తేలికైనవి పెట్టండి. నిర్వాహకులు చేయించే వార్మప్ పది నిమిషాలకు మించదు, మీవాడు నలభై నిమిషాల ముందే సొంతంగా మొదలుపెట్టాలి. వరుసలో నిలబడి చల్లబడిపోతాడు, పైన స్వెట్టర్ ఉంచుకుని రెండు నిమిషాలకోసారి గెంతుతూ ఉండాలి. గడ్డి మీదైతే మెటల్ క్లీట్స్ (అడుగున మేకుల్లాంటివి ఉన్న బూట్లు), టర్ఫ్ మీదైతే రబ్బరు క్లీట్స్ లేదా టర్ఫ్ షూ. టర్ఫ్ మీద మెటల్ చాలా చోట్ల నిషేధం, రెండు జతలూ సంచిలో పెట్టుకోండి. కొత్త జత ఆ రోజు మొదటిసారి తొడగొద్దు.

సాధారణంగా రెండు అవకాశాలు ఇస్తారు. మొదటిదాంట్లో మంచి టైమ్ వచ్చి తొడ కాస్త పట్టినట్టుంటే రెండోది వదిలేయండి. పొద్దున లేచినప్పటి నుంచే తొడ నొప్పిగా ఉంటే పరుగు అసలు వద్దని నిర్వాహకులకు చెప్పి ఫీల్డింగ్, బ్యాటింగ్ మాత్రం చేయించండి. నమోదైన టైమ్ పిల్లాడి ప్రొఫైల్‌లో నెలల తరబడి కనిపిస్తుంది. నొప్పితో తీసిన 7.4 కన్నా ఖాళీ గడి నయం, ఆరు వారాల తర్వాత ఇంకో షోకేస్‌లో లేజర్ మీద సరైన టైమ్ తీసి ఆ గడి నింపొచ్చు.